పన్నెండు మంది కావాలి



ఆ మధ్య గుడివాడలో ఒక రిష్తా మాటలకి నేనూ వెళ్లాను. అబ్బాయిది బందరు. బీటెక్ చదివాడు, నమాజీ, తమీజ్ ఉన్నవాడు. అమ్మాయి మామూ చాయ్ కప్పు కింద పెట్టి, అందరూ అడిగేదే అడిగారు: "లడ్కా క్యా కర్తా?" తండ్రి నోరు తెరిచేలోగానే అబ్బాయి చెప్పేశాడు: "గేమాఁ బనాతూఁ." ఒక్కసారిగా అంతా ఖామోష్. ఆ తర్వాత ఎండల గురించి మాట్లాడుకున్నాం, బిర్యానీ తిన్నాం, ఖుదా హాఫిజ్ చెప్పుకుని లేచాం. వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ కబురు రాలేదు.

తిరుగు రైల్లో, పెడన దాటాక, తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చిలకలపూడిలో కవరింగ్ నగల కారీగర్. "భాయ్‌సాబ్, మీరు అఖ్‌బారు మనిషి, మీ మాట వింటాడు. జువా ఆడే కుర్రాళ్ల లెక్కలో వీణ్ణి కలిపేస్తున్నారు. కాస్త సమ్ఝాయించండి" అన్నాడు. సరేనన్నాను. మర్నాడు ఇషా తర్వాత వాళ్లింటికి వెళ్లాను. చెప్పడానికి వెళ్లినవాణ్ణి, నేనే కొంత నేర్చుకుని వచ్చాను. అది మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మన ఇళ్లలో గేమ్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు పడి ఉన్నాయి. ఒకటి, పిల్లలు ఫజర్ దాకా మేలుకుని ఫోన్లో ఆడేది. రెండు, రమ్మీ పేరుతో, పోకర్ పేరుతో నెల జీతాలు మింగేది. మూడు, ఒక మనిషి కూర్చుని ఒక ఆటను తయారుచేయడం. మొదటిది వక్త్ బర్బాద్. రెండోది హరామ్. సూరా మాయిదాలో మైసిర్‌ను షరాబ్ పక్కనే పెట్టి వద్దన్నారు, అందులో రెండో మాట లేదు. మూడోది హునర్. సర్కారుకు కూడా ఈ ఫర్క్ తెలుసు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని దేశమంతా నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని ఆటల్ని వేరుగా పెట్టి ప్రోత్సహిస్తామంది. చట్టం చూసిన తేడాని మనం రిష్తా మాటల దగ్గర ఎందుకు చూడలేకపోయాం?

ఇక ఆ అబ్బాయి చేసిన ఆట. వాళ్ల దాదీ నాగాయలంక వైపు మనిషి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు కొత్త కోడలు. ఆ రాత్రి సంగతి ఆమె నోట విని పెరిగిన పిల్లాడు దాన్నే ఆటగా చేశాడు. ఆటలో మనం ఒక చిన్నపిల్ల. నీళ్లు వస్తున్నాయి, టైమ్ కొంచెమే ఉంది. ఏ తలుపు ముందు కొట్టాలి? మేకను వదిలి రానంటున్న ముసలామె దగ్గర ఎంతసేపు ఆగాలి? తుపాకీ లేదు, స్కోరు లేదు, పందెం లేదు. చివర్లో గట్టు మీదికి చేరినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. అందరినీ ఎవరూ చేర్చలేరు. నేను మూడుసార్లు ఆడాను. మూడోసారి కూడా ఆ ముసలామె రాలేదు.

దీన్ని వాడు ఒక్కడే, ఏడాది పైగా రాత్రుళ్లు కూర్చుని చేశాడు. పగలు ఇంటి నుంచే చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసి, నెలనెలా అమ్మీ చేతిలో కొంత పెడతాడు. ఆ ముక్క గుడివాడలో చెప్పలేదు, అది వాడి నాదానీ. ఆట కోసం వాడినది గోడో అనే సాఫ్ట్‌వేర్. అర్జెంటీనావాళ్లు మొదలుపెట్టి, 2014లో అందరికీ ముఫ్త్‌గా తెరిచి ఇచ్చారు. పైసా కట్టక్కర్లేదు.

వాడి అబ్బాకి నేను ఇలా చెప్పాను. "మీ దగ్గర డై కొట్టేవాడు వేరు, టంకం పెట్టేవాడు వేరు, పూత పూసేవాడు వేరు, మెరుగు పెట్టేవాడు వేరు, బేరం చేసి అమ్మేవాడు వేరు. మీవాడు ఈ పనులన్నీ ఒక్కడే చేస్తున్నాడు. కథ రాశాడు, బొమ్మలు గీశాడు, కోడ్ రాశాడు, వాన చప్పుడు మన బందరు వానలోనే రికార్డు చేశాడు, తప్పులు వెతికి దిద్దుకున్నాడు. మీరు ఉస్తాద్ దగ్గర కూర్చున్న మొదటి రోజుల్లో మీకెంత ఇచ్చేవారు?" ఆయన నవ్వాడు. "చాయ్ ఇచ్చేవారు" అన్నాడు.

అయితే ఆయన భయం ఉత్తిది కాదు. లెక్క చూద్దాం. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక్కో ఆట పెట్టడానికి 100 డాలర్లు, అంటే మన డబ్బులో తొమ్మిది వేల దాకా కట్టాలి. ఆ ఆట అమ్మకం 1,000 డాలర్లు దాటితే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అమ్మినదాంట్లో 30 శాతం వాళ్లది. 200 రూపాయల ఆట 500 మంది కొన్నారనుకోండి, లక్ష. అందులో చేతికొచ్చేది 70,000, అదీ పన్నులు పోకముందు. రెండేళ్ల మెహనత్‌కి పంచితే నెలకు మూడు వేల లోపే. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18,000కు పైగా కొత్త ఆటలు వచ్చాయి. ఆ గుంపులో మన పిల్లాడి ఆట ఎవరి కంట పడాలి? అమెరికాలో ఎరిక్ బారోన్ అనే కుర్రాడు నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని చేసిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' 2016లో వచ్చి కోట్లు సంపాదించింది. ఆ నాలుగున్నరేళ్లలో అతను కూడా ఒక థియేటర్లో జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే కొలువు చేశాడు. పిల్లలు ఆ కోట్ల గురించే చెబుతారు, కొలువు సంగతి చెప్పరు.

మనకు దగ్గర మిసాల్ కావాలంటే హైదరాబాద్ ఉంది. జైనుద్దీన్ ఫహద్ స్థాపించిన ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న జమాత్ 2017లో 'అసుర' అనే ఆటను స్టీమ్‌లో విడుదల చేసింది. ఇంకో మిసాల్ ఫలస్తీన్‌ది. నాబ్లస్‌కు చెందిన రషీద్ అబూఈదా, గాజా యుద్ధంలో చిక్కుకున్న ఒక కుటుంబం మీద 'లైలా' అనే చిన్న ఫోన్ ఆటను 2016లో తెచ్చాడు. మొదట యాపిల్ కంపెనీ దాన్ని ఆటల విభాగంలో తీసుకోనంది, గొడవయ్యాక ఒప్పుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, గింజలూ పప్పులూ వేయించి అమ్మే దుకాణం నడుపుతూ ఇల్లు పోషించుకున్నాడు. ఇప్పుడు 1948 నక్బా మీద ఇంకో ఆట చేస్తున్నాడు. దానికి డబ్బు సూద్ మీద తేలేదు, దునియా నలుమూలల నుంచి జనం చందాలు వేశారు. గమ్ చెప్పడానికి షాయిరీ ఒక్కటే దారి కాదని నాకు అతని వల్ల తెలిసింది. మన దివిసీమ గమ్ చెప్పడానికి ఒక బందరు కుర్రాడు కూర్చుంటే, మనం ఫ్యాన్ కింద ఎండల గురించి మాట్లాడుకున్నాం.

అందుకని నా రాయ్ ఇది. ఇలాంటి పిల్లాడికి ఇంట్లోవాళ్లు ఇవ్వాల్సింది డబ్బు కాదు, తారీఖు వేసిన మొహలత్. మూడు సవాళ్లు అడగండి. ఒకటి, ఇందులో జువా ఉందా? పందెం ఒక్కటే కాదు, డబ్బు కట్టి లోపల ఏముందో తెలియని డబ్బా తెరిచే తంతు ఉంటే అది కూడా అడగండి. నేను ఆలిమ్‌ను కాను, అనుమానముంటే మీ ఇమామ్ సాబ్‌ను అడగండి. రెండు, ఎప్పటికి పూర్తవుతుంది? ఆరు నెలల్లో తేలే చిన్న ఆట ముందు, పెద్ద ఖ్వాబ్ తర్వాత. మూడు, ఈలోగా రోజీ ఎలా? సూద్ మీద తెచ్చి, అమ్మీ నగలు తాకట్టు పెట్టి చేసే ఆటలో బర్కత్ ఉండదు. పూట పనో, సగం కొలువో ఉండాల్సిందే. ఈ మూడింటికీ సీదా జవాబు వస్తే, ఇక రోజూ తానా కొట్టడం మానండి. ఇదంతా ఆడపిల్లలకూ వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని చేసే హునర్‌లు వెతికే మనం, ఈ హునర్ పేరు మన బేటీలకు చెప్పనే చెప్పం.

ఇంకొక సంగతి. ఆ అబ్బాయి ఆట పూర్తయినా బయటికి ఎందుకు రాలేదో తెలుసా? ఫోన్ ఆటలు పెట్టే గూగుల్ ప్లేలో ఖాతా ఫీజు ఒక్కసారి 25 డాలర్లు, అది కట్టేశాడు. కానీ 2023 నవంబర్ తర్వాత తెరిచిన సొంత ఖాతాలకు ఒక షరతు ఉంది. విడుదలకి ముందు కనీసం 12 మంది, 14 రోజులు వరసగా, ఆ ఆట టెస్టులో చేరి ఉండాలి. మంచి షరతే, తప్పుల ఆటలు రాకుండా. వాడికి తొమ్మిది మంది దొరికారు. దోస్తులు చేరతారు, మూడో రోజు తప్పుకుంటారు, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇంట్లో అడగడానికి సిగ్గు. వలీమాకి పన్నెండు వందల మందిని పిలిచే ఖాందాన్‌లో ఒక పిల్లాడికి పన్నెండు మంది దొరకలేదు!

ఆ రాత్రే నేను పదోవాణ్ణి అయ్యాను. తండ్రి కాసేపు ఊరుకుని, జేబులోంచి ఫోన్ తీసి కొడుకు చేతికిచ్చాడు. "నాకు ఇవి చేతకావు, నువ్వే పెట్టు" అన్నాడు. పదకొండు. దాదీకి ఫోన్ లేదు. ఆమె మంచం మీద పడుకుని అంతా వింటోంది. "ఆ మేక ముసలమ్మ మా పక్కింటి ఆమే. మేక పేరు కూడా అడగలేదు వీడు" అంది.

పన్నెండోవాళ్లు ఇంకా కావాలి.