లోపలి అంచు చూశారా?

ఊరు వెళ్లాలంటే ముందురోజు సాయంత్రం కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, నాలుగు టైర్లనీ కాలితో ఒక్కో తన్ను తన్ని, 'ఫర్వాలేదు, గట్టిగానే ఉన్నాయి' అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఆ తన్నుకి ట్యూబ్‌లెస్ టైరు ఏ రహస్యమూ చెప్పదు. 32 ఉండాల్సిన గాలి 24కి పడిపోయినా పైకి మామూలుగానే కనిపిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ముందు చక్రాలు నేరుగా ఉన్నప్పుడు మన కంటికి ఆనేది టైరు బయటి అంచే. ఇంజను వైపుండే లోపలి అంచు మడ్‌గార్డు చాటున దాక్కుని ఉంటుంది. అక్కడ రబ్బరు పూర్తిగా పోయి తీగలు బయటపడినా బయటివైపు గాడులు కొత్తవాటిలా కనిపిస్తూనే ఉంటాయి.

ఈ వారం ఉత్తరం రాసిన ఖమ్మం పాఠకుడికి జరిగింది అదే. ఆయనది ఐదేళ్ల చిన్నకారు. టైర్లు వేసి 22 వేల కిలోమీటర్లు. పిల్లల్ని తీసుకుని తిరుపతి వెళ్తుండగా దారిలో పంక్చరైంది. చక్రం ఊడదీసిన కుర్రాడు దాన్ని తిప్పి చూపిస్తే, ముందు ఎడమ టైరు లోపలి అంచు పొడవునా తీగలు మెరుస్తున్నాయట. ఘాట్ రోడ్డు ఎక్కేముందు ఆ మేకు గుచ్చుకోవడం మా అదృష్టమే అని రాశారాయన. నిజమే. మిగిలిన కథ మాత్రం మనందరికీ తెలిసిందే. ఏడాదిలో మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించారు. అలైన్‌మెంట్ చేసినాయన టైరు నాసిరకం అన్నాడు. టైర్ల షాపువాళ్లు రోడ్లు బాగాలేవన్నారు. సర్వీసు సెంటర్‌లో నాలుగు టైర్లూ మార్చేయమన్నారు. 'ఇంతకీ ఎవరి మాట వినాలి?' అని ఆయన ప్రశ్న.

ముందు టైరు మాట వినాలి. ముగ్గురిలోనూ దాన్ని సరిగ్గా చదివినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు.

తీగలు తేలిన టైరుతో ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు, అందులో వాదన లేదు. కానీ కారణం తేలకుండా కొత్త టైరు వేస్తే అదీ ఆ దారే పడుతుంది. అరిగింది ఎడమ టైరు ఒక్కటే, అదీ లోపలి అంచే అన్నది ఇక్కడ అసలు ఆధారం. అదెలాగో తెలియాలంటే అలైన్‌మెంట్ కాగితం మీద కనిపించే మూడు మాటల సంగతి కాస్త తెలుసుకోవాలి.

మొదటిది టో. నిలబడి మీ పాదాలు చూసుకోండి. బొటనవేళ్లు లోపలికి తిరిగితే టో-ఇన్, బయటికి తిరిగితే టో-అవుట్. చక్రాలకీ అంతే. రెండోది క్యాంబర్. కారుని ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికి వాలిందా, బయటికి వాలిందా అన్నది. దొడ్డికాళ్లవాళ్లు, మోకాళ్లు తగులుకునేవాళ్లు ఉంటారే, ఆ తేడాయే. మూడోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉంటుంది కదా, ఆ వాలు లాంటిదే ఇది. చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోవడంలో, మలుపు తిరిగాక కారు స్టీరింగ్ తనంతట తానే వెనక్కి రావడంలో దీని పాత్ర పెద్దది. టైరు అరుగుదలలో మాత్రం దీని వాటా తక్కువ.

టైరుని ఎక్కువగా తినేసేది టో. లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. టైరు ఎత్తు సుమారు 600 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ చక్రం ముందు అంచు, వెనక అంచు కంటే కేవలం 3 మిల్లీమీటర్లు పక్కకి తిరిగి ఉందనుకోండి. అంటే కిలోమీటరుకి 5 మీటర్ల చొప్పున టైరు రోడ్డు మీద పక్కకి ఒరుసుకుంటూ పోతుందన్నమాట. హైదరాబాద్ నుంచి విజయవాడకి 270 కిలోమీటర్లు అనుకుంటే, అక్కడికి చేరేసరికి ఆ టైరుని దాదాపు 1,350 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు. ఇక రబ్బరు ఏం మిగులుతుంది?

అయితే టోకి ఒక గుణముంది. కారు నడుస్తున్నప్పుడు ముందు చక్రాలు రెండూ ఆ తేడాని సగం సగం పంచుకుంటాయి. ఒక చక్రం వైపే టో తప్పినా, స్టీరింగ్ కాస్త వంకరగా తిరిగి, భారం రెండింటి మీదా పడుతుంది. కాబట్టి టో తప్పితే మామూలుగా రెండు ముందు టైర్లూ ఒకేలా అరుగుతాయి. టో-అవుట్ అయితే రెండింటికీ లోపలి అంచులు, టో-ఇన్ అయితే రెండింటికీ బయటి అంచులు. ఇంకో గుర్తు కూడా ఉంది. టైరు మీద అరచేతిని అడ్డంగా నిమరండి. ఒక వైపుకి నున్నగా జారి, తిరుగువైపు రంపం పళ్లలా గరుగ్గా తగిలితే అది టో పనే. తీగలు తేలి ఉండొచ్చని అనుమానముంటే చెయ్యి పెట్టకండి, కోసుకుపోతుంది.

ఖమ్మం కారులో అరిగింది ఒక్కటే. అందుకని నా అనుమానం క్యాంబర్ మీదికి పోతోంది. ఎడమ చక్రం పైభాగం లోపలికి వాలిపోయి ఉండాలి. అదెందుకు వాలుతుంది? వానాకాలం నీళ్లు నిండిన గుంతలో చక్రం దబ్బున పడినప్పుడో, డివైడర్‌కి కొట్టుకున్నప్పుడో లోయర్ ఆర్మ్ గానీ, స్ట్రట్ గానీ, చక్రాన్ని పట్టుకుని ఉండే నకిల్ గానీ కొద్దిగా వంగుతుంది. స్ప్రింగ్ కుంగినా, లోయర్ ఆర్మ్ బుష్ చితికినా ఇదే ఫలితం. మన దగ్గర గుంతల దెబ్బ ఎక్కువగా తినేది రోడ్డు అంచున నడిచే ఎడమ చక్రమే.

ఇక్కడే అలైన్‌మెంట్ షాపులో చెప్పని మాట ఒకటుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్నకార్లలో చాలావాటికి ముందు చక్రాల్లో సర్దుబాటుకి వీలున్నది టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ కంపెనీ బిగించినట్టే ఉంటాయి. వెనక యాక్సిల్‌కైతే చాలా కార్లలో అసలు ఏ సర్దుబాటూ ఉండదు. కాబట్టి క్యాంబర్ తప్పిన కారుకి ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేసినా టోని దిద్ది పంపిస్తారు. వంగిన ఆర్మ్ వంగినట్టే ఉంటుంది, టైరు అరుగుతూనే ఉంటుంది. మూడుసార్లు డబ్బు కట్టినా తేడా రాకపోవడంలో వింత లేదు. ఎక్కడైనా జాకీ పెట్టి వంచి సరిచేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఒకసారి వంగిన ఇనుముని మళ్లీ వంచితే బలం తగ్గుతుంది. మార్చాల్సిన భాగాన్ని మార్చడమే.

కాగితం అడిగి తీసుకోండి

అలైన్‌మెంట్ యంత్రం ఇచ్చే కాగితంలో పని మొదలెట్టక ముందు కొలతలు, తర్వాత కొలతలు పక్కపక్కనే ఉంటాయి. పరిమితిలో ఉన్నవి పచ్చగా, తప్పినవి ఎర్రగా. చాలామంది 'తర్వాత' గడిలో టో పచ్చబడిందో లేదో చూసి జేబులో పెట్టుకుంటారు. కొందరు ఆ కాగితమే తీసుకోరు. చూడాల్సింది 'ముందు' గడి. ఎడమ, కుడి క్యాంబర్ల మధ్య బాగా తేడా ఉందా? పని అయ్యాక కూడా ఏదైనా ఎర్రగానే మిగిలిందా? మిగిలితే 'ఇదెందుకు ఎర్రగా ఉంది?' అని అడగండి. 'అది మీ కారులో సెట్ కాదండీ' అన్న జవాబు వస్తే, అది జవాబు కాదు. సెట్ కాని కొలత తప్పిందంటే లోపల ఏదో వంగింది లేదా అరిగింది అని అర్థం. పాత కాగితాలు కారు పత్రాలతో పాటు దాచుకుంటే, ఫలానా గుంత తర్వాతే కొలత మారిందని తెలిసిపోతుంది.

యంత్రానికీ ఒక పరిమితి ఉంది. అది కొలిచేది నిలబడి ఉన్న కారుని. టైరు అరిగేది పరుగెత్తే కారులో. బుష్ చితికిపోతే నిలబడినప్పుడు కొలత పచ్చగానే చూపించి, బ్రేకు వేసినప్పుడు ఆర్మ్ కదిలి చక్రం దారి తప్పుతుంది. అందుకే అలైన్‌మెంట్‌కి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో ఊపి చూడమని మెకానిక్‌కి చెప్పండి. గడియారంలో మూడు, తొమ్మిది అంకెల దగ్గర పట్టుకుని ఊపితే కదిలిందా, టై రాడ్ ఎండ్ మీదో స్టీరింగ్ ర్యాక్ మీదో అనుమానం. పన్నెండు, ఆరు దగ్గర ఊపితే కదిలిందా, బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ. స్పీడ్ బ్రేకర్ మీద టకటకమని శబ్దం వస్తుంటే లింక్ రాడ్లు, స్ట్రట్ మౌంటింగ్ కూడా చూడాలి. ఇవన్నీ తేల్చుకున్నాకే అలైన్‌మెంట్. లూజైన భాగాల మీద చేసిన అలైన్‌మెంట్ నిలవదు. ఇంట్లో మీరే జాకీ పెట్టి కారు కిందికి దూరే సాహసం మాత్రం వద్దు.

అన్ని అరుగుదలలకీ అలైన్‌మెంటే కారణం కాదు. రెండు అంచులూ అరిగి నడిమి భాగం బాగుంటే గాలి తక్కువగా తిప్పారని. నడుమ అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువైందని. అక్కడక్కడా దోసిలి లోతులా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు పోయాయనో, బ్యాలెన్సింగ్ తప్పిందనో. ఎంత గాలి ఉండాలన్నది డ్రైవర్ వైపు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన ముద్రించి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ కారుకి పట్టాల్సింది కాదు. బండి చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి. నైట్రోజన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్. డబ్బు పెట్టి నింపించుకోవడం మీ ఇష్టం గానీ, నెలకోసారి గాలి చూసుకునే అలవాటుకి అది బదులు కాదు.

టైరు గాడుల మధ్య చిన్న చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మార్చేయాలి. కానీ ఆ దిమ్మెలు ఉండేది ప్రధాన గాడుల్లో. లోపలి అంచు బోడిగా అయిపోయినా అవి 'ఇంకా ఫర్వాలేదు' అనే చెబుతాయి. కనుక స్టీరింగ్‌ని ఓ పక్కకి పూర్తిగా తిప్పి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక వైపు నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి లోపలి అంచు చూడండి. తర్వాత రెండో పక్కకి తిప్పి రెండో టైరు. రెండు నిమిషాల పని. టైరు పక్కభాగం ఎక్కడైనా బుడగలా ఉబ్బి ఉంటే లోపలి దారాలు తెగినట్టే. దానికి రిపేరు లేదు.

లాగడం వేరు, వంకర వేరు

'స్టీరింగ్ లాగుతోందండీ' అని మెకానిక్‌కి చెప్పేముందు ఒక్క విషయం తేల్చుకోండి. నేరుగా ఉన్న, ఖాళీ రోడ్డు మీద పట్టు కాస్త సడలిస్తే కారే పక్కకి పోతోందా? అది లాగడం. కారు నేరుగానే పోతూ స్టీరింగ్ మాత్రం వంకరగా ఉందా? అది వేరే జబ్బు. ముందు టో ఎడమ కుడి సమానంగా పంచకపోవడమో, వెనక యాక్సిల్ కదిలి కారు పీతలా పక్కవాటుగా నడవడమో అయ్యుంటుంది. రెంటినీ కలిపి చెబితే మెకానిక్ ఒకదానికి బదులు ఇంకోటి చేస్తాడు. మన రోడ్లు వాననీరు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి కాబట్టి, ఎడమవైపుకి నెమ్మదిగా ఒరగడం జబ్బు కాదు.

నిజంగానే లాగుతుంటే ముందు గాలి సమానంగా ఉందేమో చూడండి. ఉంటే, ముందు టైర్లు రెంటినీ అటుదిటూ ఇటుదటూ మార్పించి నడపండి. పక్కన బాణం గుర్తున్న టైర్లని మాత్రం అలా మార్చకూడదు. ఇప్పుడు రెండో వైపుకి లాగితే దోషం టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు. మార్చినా పాత వైపుకే లాగితే అప్పుడు క్యాంబర్, క్యాస్టర్, పట్టేసిన బ్రేకు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. ఒకవైపు చక్రం తాకితే చెయ్యి కాలేంత వేడిగా ఉంటే బ్రేకుని అనుమానించండి.

80, 100 వేగం మధ్య స్టీరింగ్ వణికి, ఆ తర్వాత తగ్గితే బ్యాలెన్సింగ్ చాలు. వణుకు చేతుల్లో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనకవి. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కులు చూపించాలి. వానల్లో పొలం గట్టు రోడ్లకి వెళ్లొచ్చినవాళ్లు డబ్బు ఖర్చు పెట్టేముందు రిమ్ముల లోపలివైపు ఓసారి నీళ్లు కొట్టించండి. ఒక పక్క ఎండి అట్టకట్టిన నల్లరేగడి చాలు చక్రం బరువు తేడా చేయడానికి.

స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉన్న కొత్త కార్లకి అలైన్‌మెంట్ అయ్యాక దాన్ని కూడా సున్నాకి సరిచేయించాల్సి రావచ్చు. పని పూర్తయి బండి బయటికి వచ్చేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద కొత్త పసుపు దీపం ఏదైనా వెలిగితే, డబ్బు కట్టేముందే చూపించండి.