గీత దాటని ఖాళీలు

అద్దె ఒప్పందం కావచ్చు, అపార్ట్‌మెంట్‌ సంఘం సభ్యత్వ పత్రం కావచ్చు... వర్డ్‌లో మనమే తయారుచేసుకోవచ్చు. చిక్కల్లా ఖాళీల దగ్గరే! చాలామంది అండర్‌స్కోర్‌ మీటను వరసగా కొట్టుకుంటూ పోతారు. ఒక గీత పొడుగు, మరొకటి పొట్టి. ఫాంటు మారిస్తే సగం గీత కింది లైనులోకి జారుతుంది. కంప్యూటర్‌లోనే నింపబోతే అక్షరాలు గీతను ముందుకు నెట్టేస్తాయి.

తేలికైన మార్గం ట్యాబ్‌. ‘పేరు:’ అని టైపు చేసి, పేరాగ్రాఫ్‌ డైలాగ్‌ బాక్సు తెరిచి, అడుగునున్న ‘ట్యాబ్స్‌’ను క్లిక్‌ చేయండి. గీత ఎక్కడ ముగియాలో ఆ కొలత ఇచ్చి, అలైన్‌మెంట్‌లో రైట్‌, లీడర్‌లో నాలుగోది ఎంచుకుని ‘సెట్‌’, ‘ఓకే’ నొక్కండి. ఇక ట్యాబ్‌ మీట ఒక్కసారి నొక్కితే చాలు, గీత అక్కడిదాకా వచ్చి ఆగుతుంది. ఎంటర్‌ కొడితే తర్వాతి లైనుకూ అదే అమరిక.

మరి ‘సంతకం’ అన్న మాట గీత కింద రావాలంటే? రెండు అడ్డ వరసల టేబుల్‌ పెట్టండి. బోర్డర్లన్నీ తీసేసి, రెండు వరసల మధ్య గీతను మాత్రం ఉంచండి. పై గడి ఖాళీ, కింది గడిలో చిన్న అక్షరాలతో ‘సంతకం’. కంప్యూటర్‌లో నింపే పత్రాలకూ టేబులే మేలు. ఎంత టైపు చేసినా గీత చెదరదు.

మరో మాట. పేరుకు గీత పొడుగ్గా వదలండి, ఇంటిపేరుతో సహా పట్టాలి కదా! అద్దె, అడ్వాన్సు అంకెలకు మాత్రం పొట్టిగా ఉంచి, పక్కనే ‘అక్షరాల్లో’ అంటూ ఇంకో ఖాళీ ఇవ్వండి. సంతకాలయ్యాక ఎవరైనా ఓ సున్నా చేర్చినా ఇట్టే దొరికిపోతుంది.