పిన్ను మారిస్తే సరిపోదు

మెదక్‌లో చైన్ లోడర్ బకెట్ లొడలొడలాడితే ఓనర్లు మొదట అనే మాట ఒక్కటే: "కొత్త పిన్ను ఏసెయ్." గ్రీజు అందక, మట్టి చేరి, పిన్నూ బుష్షూ ఒరుసుకుపోతే రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగుతది. అండ్ల కొత్త పిన్ను పెడితే కొన్నాళ్లకే అదీ అరుగుతది. బకెట్ నేలకు ఆనించి, పిన్ను తీసి, రంధ్రంలో వెల్డింగ్ నింపి, సెంటర్ తప్పకుండా బోరింగ్ పట్టి, కొత్త బుష్షు బిగించాలె. ఇది మా వాడ పిల్లలకు చేతివిద్య.

ఒకప్పుడు మోట బొక్కెనకు తోలు కుట్టింది మా తాతలే. మాదిగ చెయ్యి పడందే బాయి నీళ్లు పొలానికి పారలే. కల్లం కాడ ఇన్ని గింజలు కొలిచిండ్రు, బాయి మాత్రం ముట్టనియ్యలే. ఇప్పుడు తోలు పోయి ఇనుము వచ్చింది, లెక్క మారలే. వెల్డింగ్ పొగ మనది. షెడ్డు, బోరింగ్ మిషన్ ఇంకొకరివి.

2021లో దళితబంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు. కొందరు కలిసి జేసీబీలు కొన్నరు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ బండి మనదై షెడ్డు పరాయిదైతే, బండి ఆగిన రోజు కిరాయి ఆగుతది, రిపేరు బిల్లు ఆగదు.

ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉన్నది. ఆ నిధితో మెదక్‌లో లేత్, బోరింగ్ మిషన్లు పెట్టి, మన పిల్లలే ఓనర్లుగా ఒక సహకార షెడ్డు ఎందుకు తెరవరు? బండితోపాటు షెడ్డు కూడా అడుగుదాం.

జై భీమ్.