లెక్కకెక్కని గంటలు

సాఫ్ట్‌వేరు కంపెనీలలోని ఉద్యోగుల మనోవ్యాకులతను గూర్చి ఇప్పుడు యాజమాన్యములే యెక్కువగా మాటలాడుచున్నవి. యోగాభ్యాసమునకొక గది, ధ్యానమునకు ఫోనులో ఒక యాప్, మనసు బరువెక్కినపుడు పిలుచుకొనుటకు కౌన్సెలరు నంబరు, ఏడాదికొకమారు మానసికారోగ్య వారోత్సవము: హైదరాబాదున మాదాపూరు మొదలు నానక్‌రామ్‌గూడ వరకు గల గాజుమేడలలో ఇవన్నియు నేడు సర్వసాధారణములు. ఇవి చెడ్డవని యెవ్వరును అనరు. కాని వేసవిలో మనకు పండ్రెండున్నర గంటలు వెనుకనుండు కాలిఫోర్నియాలో మధ్యాహ్నమగువరకు మేల్కొని, క్లయింటుతో కాల్ ముగించుకొని, మరునాటి యుదయము తొమ్మిదింటికి స్టాండప్ సమావేశమునకు హాజరు కావలసిన మనుష్యునకు శ్వాసను నియమించుకొనుమని బోధించుట, రోగమును అతని చిత్తమునందు వెదకుటయే యగును. నా తలంపులో ఆ రోగము టైమ్‌షీటునందున్నది.

ఈ వృత్తిలో లేనివారికి టైమ్‌షీటును గూర్చి కొంత వివరింపవలసియున్నది. ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించెనో ఉద్యోగి ప్రతివారమును అందు నింపవలెను. పెక్కు ఒప్పందములలో క్లయింటునకు బిల్లు దానినిబట్టియే పోవును. ఒప్పందమును చేజిక్కించుకొను తొందరలో, పదిమంది ఆరు నెలలు చేయవలసిన పనిని ఆర్గురు నాలుగు నెలలలో ముగింతురని ఎవరో ఎస్టిమేటు వ్రాసియుందురు; పని మొదలగునాటికి వారు వేరొక ఒప్పందము వెంట పోయియుందురు. తక్కిన భారము టీమునది. పండ్రెండు గంటలు పనిచేసిన దినమున గూడ టైమ్‌షీటులో ఎనిమిదియే నింపుమని మేనేజరు మెల్లగా చెప్పును, ఏలయన బడ్జెటులో అంతకుమించి గంటలు లేవు. ఆ నాలుగు గంటలు జీతమున లేవు, బిల్లులో లేవు, రికార్డులోను లేవు. ఇంతటితో ఆగినను కొంత మేలే. కాని ఏడాది గడచిన పిమ్మట అట్టి పనియే మరల వచ్చినపుడు, ఆ పాత టైమ్‌షీటులనే ముందిడుకొని క్రొత్త యెస్టిమేటు వేయుదురు. వెనుకటి యసత్యము రాబోవు పనికి కొలమానమగును. ఇందుకు క్రూరుడైన మేనేజరు ఉండనక్కరలేదు. మంచివాడును ఆ యంకెలకే బద్ధుడు.

విచిత్రమేమన, గంటలను కొలుచుట కంపెనీలకు చేతగాని పని కాదు. ద్వారమున కార్డు తాకించిన క్షణము, లాప్‌టాప్‌లో లాగిన్ అయిన క్షణము నమోదగుచునే యున్నవి. ఆఫీసునకు రావలసిన దినములలో ఒకటి తగ్గినచో మెయిలు వచ్చును. ఎక్కువైన గంటలను గూర్చి మాత్రము ఏ మెయిలును రాదు. అవి రికార్డులో లేకున్నను దేహమున నుండును: వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు చేయువారికన్న పక్షవాతపు ప్రమాదము 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించినవి.

గంటకు వెల కట్టుట మనకు క్రొత్త గాదు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో అంబేద్కరు కార్మిక శాఖను చూచుచున్న కాలమున, 1946లో, ఫ్యాక్టరీలలో వారపు పని 54 గంటలనుండి 48కి దిగెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అధికపు గంటకు రెట్టింపు కూలి విధించెను. ఆ రెట్టింపు కార్మికునిపై జాలిచే నిచ్చినది మాత్రమే కాదు. ఉచితముగా దొరకునంతకాలము ఆ గంటను ఏ యజమానియు పొదుపుగా వాడడని చట్టకర్తలకు తెలియును. ఐటీ కంపెనీలకో, మన 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టమునందలి పెక్కు సెక్షన్లనుండి ప్రభుత్వములు మినహాయింపు నిచ్చుచు, గడువు తీరినప్పుడెల్ల పొడిగించుచు వచ్చినవి. షరతులు లేకపోలేదు; కాని వానిని అడుగు నాథుడు లేడు, అడిగినను టైమ్‌షీటు ఎనిమిది గంటలే చెప్పును.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారమునకు 70 గంటలనియు, 2025లో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ 90 గంటలనియు అన్నప్పుడు రేగిన దుమారము నాకంత ముఖ్యముగా తోపలేదు; వారు కోరినది బాహాటముగా కోరిరి. ఎవరును కోరక తీసికొనబడు గంటలే నాకు భయము గొలుపును. లక్షల జీతము పుచ్చుకొనుచు ఈ గోల యేలనందురు. ఆ జీతము 48 గంటలకో 70 గంటలకో ఆఫరు లెటరులో ఉన్నదా? ఇష్టము లేనిచో మానుకొనవచ్చునందురు. ఇరువది యేండ్ల ఈఎమ్‌ఐ తలపై నున్నవాడు, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చుండుటకు జంకువాడు ఎట్లు మానును? అమెరికాలో హెచ్1బి వీసా మీద నున్న మన పిల్లలకైతే ఉద్యోగము పోయిన పిమ్మట దొరకు గడువు హెచ్చన్న 60 దినములు.

జపాను 2018 నాటి చట్టముతో ఓవర్‌టైమునకు నెలకు 45, ఏడాదికి 360 గంటలను సామాన్యపరిమితిగా నిర్ణయించి, అతిక్రమణకు శిక్ష విధించెను. మనము అంత దూరము పోవువరకు వేచియుండ నక్కరలేదు. మినహాయింపు గడువు తీరి ఫైలు మరల సచివాలయమునకు వచ్చినపుడు ఒక్క షరతు చేర్చిన చాలును: ద్వారపు కార్డు గంటలను, లాగిన్ గంటలను, టైమ్‌షీటు గంటలను ప్రక్కప్రక్కన నుంచి నెలనెలా ఉద్యోగికిని కార్మికాధికారికిని చూపవలెను, అధికముగా తేలిన పనిగంటలకు రెట్టింపు వేతనము చెల్లింపవలెను. దీనివలన బిల్లు పెరుగును, కొన్ని ఒప్పందములు మనీలాకో క్రాకోకో తరలిపోవచ్చును. అట్లు పోవునవి పోవుటయే మేలని నా యభిప్రాయము.