సెలవులలో రేలంగి

ఈ వేసవి సెలవులలో పలివెలలోని మా చెల్లెలి యింట పది దినములు గడపితిని. ఉదయము కొప్పులింగేశ్వరస్వామి కోవెలకు పోయి వచ్చుట, ఎండవేళ పిల్లలతో కూర్చుండి టెలివిజనులో పాత సినిమాలు చూచుట, ఇదియే నా దినచర్య. “సెలవులని ఆ పెట్టె ముందు కూలబడిన పిల్లలు ఏమి బాగుపడుదురు?” అని మా బావగారి కోపము. ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు. ఐనను పిల్లలు ఏది చూచుచున్నారో, ఎట్లు చూచుచున్నారో విచారింపక పెట్టెను నిందించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

ఆ వారము వరుసగా రేలంగి వేంకటరామయ్యగారి చిత్రములు వచ్చినవి. రేలంగి ఈ ప్రాంతమునకు పరాయివాడు కాడు. పలివెలకు చేరువనున్న రావులపాలెము ప్రాంతమున, రావులపాడను గ్రామములో 1910లో జన్మించెను. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారము’ చిత్రమున తొలిసారి తెరపై కనబడెను. 1949లో ‘గుణసుందరి కథ’ వచ్చిన తరువాతగాని ఆయన పేరు ఇంటింట వినబడలేదు. నడుమ పదునాలుగేండ్లు! (ఒక్క మార్కు తగ్గినందుకు అన్నము మానెడివారు ఈ లెక్కను గమనింతురు గాక.) 1970లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగెను. 1975లో ఆయన మరణించెను. ఐనను ఆయన తెరపైకి వచ్చుటే తడవుగా, ఒక్క మాటయైన పలుకకముందే, నేటి పిల్లలు నవ్వుచున్నారు.

ఆ నవ్వు ఎట్టిదో చూడుడు. ‘పాతాళభైరవి’ (1951)లో ఆయన రాజుగారి బావమరది. ‘మాయాబజార్’ (1957)లో పెండ్లికొడుకైన లక్ష్మణకుమారుడు. ‘నర్తనశాల’ (1963)లో ఉత్తరకుమారుడు. లేని గొప్ప ఉన్నదనుకొనుటయే ముగ్గురి స్వభావము. ఆ గొప్పను రేలంగి నిజముగా నమ్మినట్లే నటించును. ‘ఇది హాస్యము, నవ్వుడు’ అని మనకు కన్ను గీటడు. అందుచేతనే నవ్వు ఆగదు. మరియొక సంగతి. ఆ నవ్వంతయు ఆయన తనమీదనే వేసికొనును. నత్తివానిని, కుంటివానిని, నల్లనివానిని చూపి నవ్వించు హాస్యము నేడు మనకు కొరవ లేదు. అది చౌకబారు సరుకు.

‘నర్తనశాల’ చూచిన నాడు పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్విరి. అంతఃపురమున స్త్రీలయెదుట కోతలు కోసిన ఉత్తరుడు కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తుట వారికి మిక్కిలి నచ్చినది. మరునాడు ఉదయము ఊరి కాలువలో ఈతకు పోయిరి. పొరుగింటి బాలుడొకడు వంతెనమీదినుండి దూకెదనని పందెము కట్టి, తీరా నీటిని చూచి వెనుకకు తగ్గెను. అంతే! “ఉత్తరకుమారుడా!” అని అందరును ఒక్కటే కేకలు. ఇంటివరకు ఆ కేకలు వానిని వెంబడించినవి. ఆ మధ్యాహ్నము వాడు సినిమాకు రాలేదు.

మా బావగారు నా వంక చూచిరి. “చూచితిరా, మీ సినిమా చేసిన పని?” అనుట అది. నేను సిగ్గుపడితిని. సినిమా చూపి ఊరకుంటినే గాని, రేలంగి తనమీద వేసికొన్న నవ్వును వీరు తీసికొనిపోయి మరియొకనిపై విసరుదురని తలపనైతిని.

సాయంకాలము పిల్లలందరిని పిలిచి, ఆ బాలునిగూడ రప్పించి, భారతకథ చెప్పితిని. పారిపోయిన ఉత్తరుని బృహన్నల పట్టి తెచ్చెను గదా; అటుపిమ్మట అర్జునుడు ఒంటరిగా కౌరవులతో పోరాడుచుండగా రథము తోలినవాడెవడు? ఆ ఉత్తరుడే. భీష్మద్రోణుల బాణములు వచ్చుచుండగా పగ్గములు విడువలేదు. పిమ్మట కురుక్షేత్రమున మొదటి దినముననే ఏనుగునెక్కి శల్యునిపైకి పోయెను. ఆ యేనుగు శల్యుని రథాశ్వములను నాలుగింటిని కూల్చెను. శల్యుడు విసరిన శక్తి తగిలి ఉత్తరుడు అక్కడనే మరణించెను. కోతలరాయుళ్లకు అతని పేరు పెట్టిన మనము ఆ తుదిదినమును మరచితిమి.

పిల్లలు కొంతసేపు మాటాడలేదు. భయపడుట తప్పు కాదని వారికి చెప్పవలెనని తోచినది, చెప్పలేదు. నేనును ఆ వంతెనమీదినుండి దూకలేను.

మరునాడు ‘మాయాబజార్’ వచ్చినది. ఆ బాలుడు వచ్చి గుమ్మము దగ్గర కూర్చుండెను. పెండ్లిపీటలమీద మాయాశశిరేఖ లక్ష్మణకుమారుని కాలు తొక్కినప్పుడు అందరితోపాటు వాడును నవ్వెను. ఇంతలో సబ్బుల ప్రకటనలు వచ్చినవి. వాడు మెల్లగా నా ప్రక్కకు జరిగి, “ఉత్తరుడు ఏనుగునెక్కి యుద్ధము చేసినది సినిమాలో చూపరేమండీ, మావయ్యగారూ?” అని అడిగెను.

నాకు జవాబు తోచలేదు. ప్రకటనలు ముగిసినవి, వాడు తెర వంక తిరిగెను.