విమానం నడిపేవారి ఆరోగ్యం

ప్రశ్న: మాది మంగళగిరి. మగ్గం మీద బ్రతికే కుటుంబం. మా అబ్బాయికి ఇరవై ఏళ్ళు. విమానం నడపటం నేర్చుకుంటానని, అప్పు చేసైనా చేర్పించమని పట్టుబట్టాడు. నాగార్జునసాగర్ దగ్గర శిక్షణ విమానం కూలి ఒక అమ్మాయి పోయిన సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టటం లేదు. చిన్న విమానాలు ఎందుకు కూలుతాయి? వాడికి చిన్నప్పటి నుంచీ జలుబు, తుమ్ములు. రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటాడు. వైద్య పరీక్షలో ఈ సంగతి చెప్పవద్దని స్నేహితులు నూరిపోస్తున్నారు. చెప్పకపోతే ఏమవుతుంది?
- ఒక తల్లి, మంగళగిరి

జవాబు: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు వేశాననుకుంటున్నారు. నిజానికి రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవే.

మీరు చెప్పిన ప్రమాదం 2022 ఫిబ్రవరి 26న జరిగింది. నాగార్జునసాగర్ నుంచి లేచిన సెస్నా 152 అనే రెండు సీట్ల విమానం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలింది. అంతకు ముందు 2004 ఏప్రిల్ 17న సినీనటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావలసి, బెంగళూరు జక్కూరులో సెస్నా 180 ఎక్కారు. విమానం లేచిన కొద్దిసేపటికే కూలి, అందులోని నలుగురూ మరణించారు.

ఇటువంటి వార్త రాగానే "ఇంజను చెడిందట" అని ఒకరు, "పైలటు తప్పట" అని మరొకరు తీర్పు చెప్పేస్తారు. ఇది "గుండె ఆగి చనిపోయాడు" అన్నట్టు ఉంటుంది. గుండె ఆగని చావు ఎక్కడుంది? ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న. విమాన ప్రమాదాలలోనూ అంతే. కారణాలు మూడు వైపుల నుంచి వస్తాయి: యంత్రం, వాతావరణం, మనిషి. తరచు ఇవి ఒకదానికొకటి తోడై ప్రాణం తీస్తాయి.

యంత్రం సంగతి

చిన్న విమానాలకు చాలా వాటికి ఒకటే ఇంజను. పెట్రోలులో నీరు చేరినా, పక్షి తగిలినా, మరమ్మతులో అశ్రద్ధ జరిగినా అది మొరాయించవచ్చు. అయితే ఇంజను ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. గాలిలో జారుతూ దిగగలదు. అందుకు తగినంత ఎత్తు కావాలి. లేచిన వెంటనే ఇంజను ఆగితే ఆ ఎత్తు ఉండదు. కంగారులో వెనక్కి తిప్పబోతే, వేగం తగ్గిపోయి రెక్కలకు గాలి ఆసరా తప్పుతుంది. దీన్ని స్టాల్ అంటారు. మన రోహిణీకార్తె ఎండల్లో గాలి పలచబడి, రెక్కల బలం, ఇంజను బలం రెండూ తగ్గుతాయి. అందుకే ఎంత బరువు ఎక్కించాలన్న లెక్క ఎండనుబట్టి మారుతుంది.

వాతావరణం సంగతి

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి బయలుదేరిన హెలికాప్టరు, అప్పటి కృష్ణాజిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో కూలింది. ముందు ఏముందో సరిగా కనపడక పైలటు దిగబోయాడనీ, గట్టి నేల అనుకున్నది చేపల చెరువని చివరి క్షణంలో తెలిసిందనీ తరువాత వార్తలు వచ్చాయి. కొల్లేటి చెరువులు చూసినవారికి ఇది అర్థమవుతుంది. మసక వెలుతురులో నీరు, నేల, ఆకాశం ఒకే రంగుగా కనపడతాయి.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు నల్లమల మీద ఉరుము మేఘాలలో చిక్కి కూలింది. ఐదుగురు మరణించారు. యంత్రంలో ఆయిలు ప్రెషరు గురించి హెచ్చరిక దీపం వెలగటంతో, ఇద్దరు పైలట్లూ కొన్ని నిమిషాలపాటు ఆ సమస్యతో సతమతమయ్యారని విచారణ సంఘం తేల్చింది. ఆ సమయంలోనే హెలికాప్టరు మేఘాల్లోకి చొరబడింది. యంత్రం, వాతావరణం, మనిషి ధ్యాస, మూడూ ఒక్కచోట కలిశాయన్నమాట.

మనిషి సంగతి

ఇక మా వైద్యుల వంతు. లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు సన్నని గొట్టాలు మూడున్నాయి. వాటిలోని ద్రవం కదలికనుబట్టి మనం ఎటు తిరుగుతున్నామో మెదడు గ్రహిస్తుంది. చిన్నపిల్లలు గిరగిరా తిరిగి ఆగితే భూమి తిరుగుతున్నట్టు ఉంటుంది కదా? మనిషి ఆగినా ద్రవం ఆగకపోవటమే కారణం. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. విమానం ఒకే తీరున మెల్లగా మలుపు తిరుగుతుంటే, సుమారు ఇరవై సెకన్లలో ద్రవమూ ఆ వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు పైలటుకు తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. నేల కనపడుతుంటే కన్ను చెవిని సరిదిద్దుతుంది. మబ్బులో, చీకటిలో ఆ దిక్కు ఉండదు. విమానం సుళ్ళు తిరుగుతూ దిగిపోతున్నా, లోపలి మనిషికి తెలియదు.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు, పరికరాలు చూసి నడపటం నేర్వని ఇరవైమందిని మబ్బులో చిక్కినటువంటి పరిస్థితిలో పెట్టి పరీక్షించారు. ఇరవైమందీ అదుపు తప్పారు. అందుకు సగటున పట్టిన కాలం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు! 1999 జూలైలో అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు తన చిన్న విమానాన్ని రాత్రివేళ సముద్రంలో కూల్చుకున్నది ఈ భ్రమ వల్లనే అని అక్కడి విచారణ సంస్థ తేల్చింది. కనుక విమానం నడిపేవాడు తన ఒంటి మాట కాక, ఎదుట ఉన్న పరికరాల మాట వినాలి. అలా వినాలంటే మెదడు చురుకుగా ఉండాలి.

మీ అబ్బాయి మాత్ర

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వద్దాం. జలుబుకు, తుమ్ములకు మన మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే మాత్రల్లో చాలా భాగం మత్తు కలిగించేవే. రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం మర్నాడు ఉదయం కూడా కొంత మిగిలి ఉండవచ్చు. మనిషికి నిద్ర వస్తున్నట్టు తోచకపోయినా, చూసి నిర్ణయించి చెయ్యి కదిపే వేగం తగ్గుతుంది. ప్రమాదాల్లో మరణించిన పైలట్ల రక్తపరీక్షలను అమెరికా విచారణ సంస్థ పరిశీలించి 2014లో నివేదిక ఇచ్చింది. మెదడును మందగింపజేసే మందుల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించినది గంజాయి కాదు, డైఫెన్‌హైడ్రమిన్ అనే జలుబు, ఎలర్జీ మందు.

మందు మానేసి జలుబుతోనే ఎగిరితే సరిపోతుందా? అదీ కాదు. ముక్కు వెనుక నుంచి మధ్యచెవికి ఒక నాళం ఉంది. పైకి పోయినప్పుడు, దిగినప్పుడు గాలి ఒత్తిడి మారితే దాన్ని సరిచేసేది అదే. జలుబులో అది వాచి మూసుకుపోతుంది. దిగేటప్పుడు చెవి చిల్లిపడేటంత పోటు, ఒక్కొక్కప్పుడు తల తిరుగుడు వస్తాయి. ఆ సమయంలో విమానం నేలకు దగ్గరగా ఉంటుంది.

కాబట్టి పరీక్షలో తప్పక చెప్పాలి. తుమ్ములున్నాయని చెప్పిన ప్రతివాడినీ తీసివేయరు. మత్తు కలిగించని మందులున్నాయి, ముక్కులో కొట్టుకునే మందులున్నాయి. వాటిలో ఏది వాడవచ్చో విమాన వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు చెబుతారు. బెంగళూరులో వాయుసేనవారి వైమానిక వైద్య సంస్థ 1957 నుంచి ఈ పని మీదనే ఉంది. నిజం చెబితే మహా అయితే కొన్నాళ్ళు ఆలస్యం కావచ్చు, లేదా వేరే చదువు చూసుకోవలసి రావచ్చు. దాచితే రోజూ దాస్తూనే ఉండాలి. అప్పు చేసి చేర్పించే ముందే ఈ పరీక్ష చేయించండి. అది మీ డబ్బుకూ క్షేమం.

బయలుదేరే ముందు

పైలట్లు తమను తాము వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి:

1. ఒంట్లో బాగుందా?
2. ఏ మందైనా వేసుకున్నానా?
3. మనసులో పెద్ద చికాకు ఏదైనా ఉందా?
4. తాగి ఎంతసేపయింది? మన దేశంలో నిబంధన ప్రకారం పన్నెండు గంటలు దాటాలి, రక్తంలో సారా అసలు ఉండకూడదు.
5. రాత్రి సరిగా నిద్రపోయానా?
6. వేళకు తిన్నానా, నీళ్ళు తాగానా?

వీటిలో ఒక్కదానికి జవాబు సరిగా లేకపోయినా ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. "ఎలాగైనా ఇవాళ చేరాలి" అన్న పట్టుదల మహా ప్రమాదకరం. ఎదుట ఎంత పెద్దవారు కూర్చుని తొందరపెట్టినా, "ఇవాళ వద్దండి" అనగలగటం పైలటుకు ఉండవలసిన మొదటి ఆరోగ్య లక్షణం.

ఈ ప్రశ్నలు విమానం ఎక్కని పాఠకులకూ అవసరమే. జలుబు మాత్ర వేసుకుని మంగళగిరి మీదుగా పోయే హైవేలో అర్ధరాత్రి లారీ నడిపేవారు, నిద్ర చాలక తెల్లవారుజామున పెళ్ళికి కారులో బయలుదేరేవారు కూడా ఒకసారి వేసుకోండి. మందుల షాపులో మాత్ర కొనేటప్పుడు "ఇది మత్తు కలిగిస్తుందా?" అని అడగటం అలవాటు చేసుకోండి.