మడి నుంచి పళ్లేనికి

“మొక్కై వంగనిది మానై వంగునా” అని తెలుగు సామెత. పిల్లల నడవడిని గురించి పెద్దలు చెప్పే ఈ మాట వారి తిండి విషయంలోనూ అంతే సత్యం. బాల్యంలో నాలుకకు అలవాటు కాని ఆకుకూర, పెద్దయిన తరువాత వైద్యుడు చెప్పినంత మాత్రాన రుచించదు. ఆ అలవాటును ఎక్కడ నేర్పాలి అన్న ప్రశ్నకు బడితోట ఒక మంచి సమాధానం. అయితే తోటను పెంచడంతోనే పని ముగిసిందనుకోవడం పొరపాటు.

నెల్లూరు పేరు వినగానే వరిచేలు, పెన్నా ఆయకట్టు స్ఫురిస్తాయి. కాని జిల్లాకు పడమట, వెలిగొండల దిక్కున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో అధికభాగం మెట్టభూమి. దుత్తలూరు వంటి మండలాల్లో సేద్యం వానమీద, బోరునీటిమీద ఆధారపడుతుంది. వాన మొగం చాటేసిన ఏడు పెరట్లో బీరపాదు నిలవడమే కష్టం. అప్పుడు కూరగాయ సంతలో కొనుక్కోవలసిన సరకవుతుంది. ధర పెరిగిన రోజున కూలి కుటుంబం మొదట తగ్గించుకొనేది కూరనే. పిల్లవాని చేతికి మాత్రం రంగురంగుల పొట్లాల్లోని చిరుతిండి సులభంగా అందుతుంది.

దీని ఫలితం శరీరంలో తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల వయసు గల బాలికల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత ఉంది. అది జూనియర్ కళాశాలలో చదువుకొనే వయసే. రక్తహీనతకు కారణాలు అనేకం. ఆకుకూరలు, పండ్లు తగినంత తినకపోవడం వాటిలో ఒకటి. శాకాహారంలోని ఇనుమును శరీరం స్వీకరించడానికి ‘సి’ విటమిన్ తోడ్పడుతుంది. నెల్లూరు జిల్లా నిమ్మతోటలకు పేరెన్నిక గన్నది. వండిన తోటకూరపై పిండిన నిమ్మచెక్కకు ఉన్న విలువ ఆ జిల్లా పిల్లలకు తెలియకపోవడం విచారకరం.

ప్రభుత్వం ఈ లోటును గుర్తించకపోలేదు. ఆంధ్రప్రదేశ్ బడులలో 2003 నుంచి వండిన మధ్యాహ్న భోజనం అందుతున్నది. 2025 జనవరిలో ఈ పథకం ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించింది. బడులలో పోషకాహార తోటలు పెంచడానికి కేంద్రప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల విద్యార్థికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలి. నూరుమంది పిల్లలున్న బడికి అది రోజుకు 5 కిలోలు. నాలుగు మడులు అంత పంటను నిత్యం ఇవ్వలేవు. కనుక బడితోటను వంటశాలకు సరఫరా కేంద్రంగా భావించరాదు. అక్కడ పండవలసిన అసలు పంట అలవాటు.

ఆ అలవాటు దానంతట అది పండదు. లండన్ పాఠశాలల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తోటపని నేర్పినంత మాత్రాన పిల్లలు తినే పండ్లు, కూరగాయల పరిమాణం చెప్పుకోదగినంతగా పెరగలేదు. తోటను బడి జీవితంలో బాగా కలుపుకొన్న చోట మాత్రం మార్పు కనిపించింది. నేపాల్‌లోనూ మొదట పిల్లలకు కూరగాయలను గురించిన తెలివి, ఇష్టం పెరిగాయి గాని భోజనం మారలేదు. తరువాత తల్లిదండ్రులచేత ఇంటి పెరట్లోనూ సాగు చేయించినప్పుడు పిల్లలు కూరగాయలు ఎక్కువగా తిన్నారు. మడికి, పళ్లేనికి నడుమ ఒక దూరం ఉన్నదనీ, దానిని బడి, ఇల్లు కలిసి దాటించాలనీ ఈ అనుభవాలు చెబుతున్నాయి.

తోటకూర విత్తిన నెలరోజులకే కోతకు వస్తుంది. విత్తిన చేతులే దానిని కోయాలి, కడగాలి, ఆనాటి పప్పులో వేయించాలి. తాను నీరు పోసిన మొక్కను పళ్లెం అంచుకు నెట్టివేయడానికి పిల్లవాడు సందేహిస్తాడు. తోట గొప్పతనాన్ని తనిఖీనాటి పచ్చదనంతో గాక, భోజనానంతరం పళ్లేలలో మిగిలిన కూరతో కొలవడం న్యాయం.

మెట్టసీమలో తోటకు నీరెక్కడిదని కొందరు ప్రశ్నిస్తారు. భోజనవేళ నూరుమంది పిల్లలు చేతులు, పళ్లేలు కడుగుకోవడానికి తలకొక లీటరు వాడినా నూరు లీటర్లు. సబ్బు కలవని ఆ నీటిని కాలువ తీసి అరటికీ, బొప్పాయికీ మళ్లించవచ్చు. ఈ జిల్లాకు ముఖ్యమైన అక్టోబరు–డిసెంబరు వానలు బడి నడిచే నెలల్లోనే కురుస్తాయి. ఆకుకూరలకు ఆ కాలం అనువైనది. వేసవి సెలవుల్లో మడులు ఎండినా, వేరూనిన మునగ, ఉసిరి, సీతాఫలం, రేగు ఎండను తట్టుకొంటాయి.

తోటపని పేరుతో పిల్లలచేత చాకిరీ చేయిస్తారన్న భయం మరొకటి. అది తోసిపుచ్చదగిన భయం కాదు. తోటపని శిక్షగా మారకూడదు. తవ్వడం బాలురకు, ఊడ్చడం బాలికలకు అన్న విభజన ఉండకూడదు. వారానికి ఒక్క పీరియడు, అందరికీ వంతుల ప్రకారం కేటాయిస్తే అది పాఠమే అవుతుంది. గాంధీజీ ప్రేరణతో 1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న మౌలిక విద్య సారాంశమూ చేతిపని ద్వారా చదువే. మొలక ఎత్తును కొలవడం గణితం, ఆకు పనిని గమనించడం విజ్ఞానశాస్త్రం, కోసిన కట్టను సమంగా పంచుకోవడం పౌరనీతి.

“పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు” అన్నది మరొక సామెత. చేరువలో ఉన్నదానిని చులకన చేసే మనుష్య స్వభావాన్ని అది ఎత్తిచూపుతుంది. దుత్తలూరు వంటి చోట ఒక బాలిక బడి నుంచి మునగకొమ్మ తెచ్చి తన ఇంటి వెనుక నాటి, దాని ఆకు తల్లిచేత వండించుకొని తిన్ననాడు ఆ సామెత తిరగబడుతుంది. బడితోట సాధించవలసిన ఫలం అదే.